లినక్స్ సర్వర్‌లో యాంటీవైరస్: అసలు ఎవరి కోసం వచ్చింది?

"అన్ని సర్వర్లలోనూ యాంటీవైరస్ ఉందా?" ఆడిటర్ల చెక్‌లిస్టులో ఈ లైను కనిపించగానే లినక్స్ అడ్మిన్లకు చిరాకు పుడుతుంది. లినక్స్‌కి వైరస్ రాదు కదా అని వీళ్లంటారు. రూల్ రూలే అని వాళ్లంటారు. నేనూ చాలా ఏళ్లు మొదటి పక్షాన నిలబడి గట్టిగానే వాదించాను. తర్వాత తెలిసిందేమిటంటే, యూనిక్స్ (లినక్స్ ఈ కుటుంబంలోదే) సర్వర్ మీదికి యాంటీవైరస్ వచ్చిన కారణం ఈ వాదనలో రెండు పక్షాలకూ గుర్తులేదు.

నిజానికి కంప్యూటర్ వైరస్‌కి ఆ పేరు తెచ్చిన ప్రయోగం జరిగింది యూనిక్స్ మీదే. 1983 నవంబర్‌లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థి ఫ్రెడ్ కోహెన్ యూనిక్స్ నడిచే వాక్స్ 11/750 అనే మెషిన్ కోసం ఎనిమిది గంటల్లో వైరస్ రాశాడు. పేరు సూచించింది ఆయన గురువు లెన్ ఏడిల్‌మన్. ఫైళ్ల అమరికను బొమ్మలా చూపించే వీడీ అనే చిన్న ప్రోగ్రామ్‌లో దాన్ని దాచి, కొత్త ప్రోగ్రామ్ వచ్చిందని వాడేవాళ్లందరికీ చెప్పారు. ఎవరు నడిపితే వాళ్లకున్న పర్మిషన్లతోనే అది వాళ్ల ఫైళ్లలోకి పాకింది. ఏ తాళమూ పగలగొట్టలేదు. అలా పాకుతూ పాకుతూ పూర్తి అధికారాలున్న మనిషి దాకా చేరింది. ఐదుసార్లు ప్రయత్నిస్తే ఐదుసార్లూ గంటలోపే సిస్టమ్ మొత్తం చేతికొచ్చింది. ఒకసారైతే ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఫలితాలు బయటపెట్టాక, ఇలాంటి ప్రయోగాలు ఇక తమ సిస్టమ్ మీద వద్దని అక్కడి నిర్వాహకులు ఆపేశారు.

1988 నవంబర్ 2న బయటికొచ్చిన మోరిస్ వార్మ్ (నెట్‌వర్క్ మీద తనంతట తానే పాకే ప్రోగ్రామ్) కూడా బీఎస్‌డీ అనే రకం యూనిక్స్ మెషిన్ల మీదే పాకింది. కానీ అది ఫైళ్లకు అంటుకునే రకం కాదు. మెయిల్ పంపే సెండ్‌మెయిల్, యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ అనే సర్వీసుల్లోని లోపాల గుండా, తేలికపాటి పాస్‌వర్డ్‌ల గుండా దూరింది. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఆ తర్వాత వైరస్‌ల కాలం డాస్, విండోస్ వైపు మళ్లింది. ఫ్లాపీల్లో ప్రోగ్రామ్‌లు చేతులు మారే లోకం అది. యూనిక్స్‌లో మామూలు యూజర్‌కి సిస్టమ్ ఫైళ్లు రాసే హక్కే ఉండదు. 1997లో లినక్స్ కోసం వచ్చిన బ్లిస్ అనే వైరస్‌లో, అంటుకున్న ఫైళ్లను మళ్లీ శుభ్రం చేసే ఆప్షన్ దాన్ని రాసినవాళ్లే పెట్టారు. అది పెద్దగా పాకలేదు.

కథ మలుపు తిరిగింది సాంబాతో. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిజెల్ 1991 చివర్లో మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ వల్ల, విండోస్ పీసీలకు యూనిక్స్ మెషిన్ ఫైల్ సర్వర్‌గా పనిచేయడం మొదలైంది. లైసెన్స్ ఖర్చు లేదు, నెలల తరబడి రీస్టార్ట్ అక్కర్లేదు. చిన్న ఆఫీసులు కూడా మూలన ఒక లినక్స్ పెట్టె పెట్టుకున్నాయి. 2001 సెప్టెంబర్ 18న నిమ్డా వచ్చింది. విండోస్ పీసీకి పట్టే ఈ వార్మ్, రాసే వీలున్న షేర్డ్ ఫోల్డర్లన్నిటిలో .ఈఎంఎల్ (మెయిల్ రూపంలోని) ఫైళ్లు గుమ్మరించేది. సర్వర్ లినక్స్ అయినా విండోస్ అయినా దానికి ఒకటే, ఫోల్డర్ ఉంటే చాలు.

నిమ్డా చేతిలో నేను దెబ్బ తినలేదు గానీ దాని తమ్ముళ్లను దగ్గరగా చూశాను. 2009 ప్రాంతంలో విజయవాడలో ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసు. పెన్‌డ్రైవ్ వైరస్‌ల రోజులు. రాత్రి పీసీలన్నీ ఫార్మాట్ చేసి వెళ్తే పొద్దున పదకొండు గంటలకల్లా మళ్లీ మొదటికి వచ్చేవి. మూడో రోజు సర్వర్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టి చూశాను. బిల్స్ అనే ఫోల్డర్, పక్కనే బిల్స్.ఈఎక్స్‌ఈ, అంటే విండోస్‌లో నడిచే ప్రోగ్రామ్ ఫైల్. శాలరీ ఫోల్డర్ పక్కన శాలరీ.ఈఎక్స్‌ఈ. ప్రతి ఫోల్డర్‌కీ ఒక జత, అన్నీ అక్షరాలా ఒకే సైజు. పీసీల్లో అసలు ఫోల్డర్ దాగిపోయి, ఫోల్డర్ బొమ్మ వేసుకున్న ఈఎక్స్‌ఈ మాత్రమే కనబడేది. అక్కడ పనిచేసే అమ్మాయి రోజూ బిల్స్ మీద డబుల్ క్లిక్ చేసేది. ఆమె తప్పేముంది? నీళ్ల ట్యాంకు పాడైతే జబ్బు చేసేది ట్యాంకుకి కాదు, ఆ నీళ్లు తాగే వీధికి. నా లినక్స్‌కి ఏమీ కాలేదని అన్ని రోజులూ ధీమాగా ఉన్నందుకు ఈ రోజుకీ బాధపడతాను.

ఆ ట్యాంకు కోసమే ఈ యాంటీవైరస్‌లు పుట్టాయి. పోలండ్‌కి చెందిన టొమాష్ కోయ్మ్ 2002లో విడుదల చేసిన క్లామ్‌ఏవీ వీటిలో అందరికీ తెలిసిన పేరు. ఉచితం, సోర్స్ కోడ్ కూడా బహిరంగం. మెయిల్ సర్వర్లలో, సాంబా సర్వర్లలో అదే మొదటి కాపలా అయింది. 2007లో సోర్స్‌ఫైర్ కంపెనీకి, 2013లో సిస్కో చేతికి వెళ్లింది.

అయితే రాత్రికోసారి స్కాన్ చేస్తే సరిపోదు. వైరస్ పది గంటలకు వచ్చి పదింబావుకు పాకిపోతుంది. ఫైల్ తెరిచే క్షణంలోనే ఆపాలి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో చోటు కావాలి. ఇక్కడే పెద్ద పేచీ వచ్చింది. కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కెర్నల్‌లోని సిస్టమ్ కాల్ పట్టికను (ప్రోగ్రామ్‌లు కెర్నల్‌ని పని అడిగే దారుల జాబితాను) మార్చి మధ్యలో దూరేవి. సిస్టమ్‌లో దాక్కునే దొంగ ప్రోగ్రామ్‌లైన రూట్‌కిట్‌లు చేసేదీ అదే పని. 2.6 కెర్నల్ వచ్చేసరికి ఆ దారి మూసేశారు. 2008లో లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్‌కి చెందిన ఎరిక్ పారిస్ కొత్త ప్రతిపాదన పెడితే, కెర్నల్ డెవలపర్లు సూటిగా ఒకటే అడిగారు: మీరు ఆపాలనుకుంటున్నది దేన్ని? మెషిన్‌లో అప్పటికే నడుస్తున్న చెడ్డ ప్రోగ్రామ్‌ని ఆపడం దీని లక్ష్యం కాదని, ఫైళ్లను స్కాన్ చేయడమే దీని పని అని చర్చలో తేలింది. ఆ జవాబు నాకు చాలా నిజాయితీగా అనిపిస్తుంది. చివరికి ఎఫ్‌ఏనోటిఫై అనే ఏర్పాటు 2.6.36లో చేరి, 2011 జనవరిలో 2.6.37తో వాడకంలోకి వచ్చింది. ఫైల్ తెరవబోతుంటే కెర్నల్ ఒక్క క్షణం ఆపి స్కానర్‌ని అడుగుతుంది. సరే అంటేనే తెరుచుకుంటుంది.

ఇక రూల్ సంగతి. కార్డు చెల్లింపుల భద్రతకు ఉన్న పీసీఐ డీఎస్‌ఎస్ ప్రమాణం 1.1 వెర్షన్‌లో, వైరస్‌లు ఎక్కువగా పట్టే సిస్టమ్‌ల కింద యూనిక్స్ సాధారణంగా రాదని ఒక నోట్ ఉండేది. 2008లో 1.2 వచ్చినప్పుడు ఆ నోట్ పోయింది. ఆడిటర్ చెక్‌లిస్టులోని లైనుకు మూలాల్లో అదొకటి.

ఈలోగా దాడులు మారాయి. 2014లో యాంటీవైరస్ కంపెనీ ఈసెట్ బయటపెట్టిన విండిగో వ్యవహారంలో 25,000కు పైగా యూనిక్స్ సర్వర్లు పరాయివాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. వాటిలోకి వెళ్లింది ఎక్కువగా దొంగిలించిన ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) పాస్‌వర్డ్‌లతోనే. 2017 మే 12న మొదలైన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రామ్) మన ఆంధ్రప్రదేశ్ పోలీస్ స్టేషన్లలోని విండోస్ కంప్యూటర్లనూ తాకింది. మనవాళ్లంతా విండోస్ ప్యాచ్‌ల టెన్షన్‌లో ఉండగానే, పన్నెండు రోజులకు సాంబాలోనే పెద్ద లోపం బయటపడింది. రాసే వీలున్న షేర్డ్ ఫోల్డర్‌లో ఒక లైబ్రరీ ఫైల్ (ప్రోగ్రామ్ కోడ్ ఉన్న ఫైల్) పెట్టి, దాన్ని సర్వర్ చేతే నడిపించవచ్చు. 2010లో వచ్చిన సాంబా 3.5.0 నుంచీ ఉన్న లోపం అది. ఆ జూన్‌లోనే దక్షిణ కొరియా హోస్టింగ్ కంపెనీ నయానాకు చెందిన 153 లినక్స్ సర్వర్లను ఎరెబస్ అనే రాన్సమ్‌వేర్ తాళం వేసింది. కంపెనీ దాదాపు పది లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

మోరిస్ వార్మ్ దూరిన దారులే ఇవి: సర్వీసుల్లో లోపాలు, పాస్‌వర్డ్‌లు. షేర్డ్ ఫోల్డర్‌లో ఈఎక్స్‌ఈలు వెతికే స్కానర్ ఈ దారుల్లో నిలబడి లేదు. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్‌నైతే (ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్‌లో దాచిన దొంగదారిని) పట్టుకున్నది ఏ యాంటీవైరసూ కాదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఆగి చూశాడు, అంతే.