తెల్లవారుజాము నుంచి లెక్క మొదలుపెట్టండి

చిరంజీవులకు,

మీ ఉత్తరం అందింది. సెలవుల్లో ఒక రాత్రి ఎడారిలో టెంటు వేసుకుని గడపాలని మీరు తలపెట్టడమూ, మీ వెంట రావడానికి ఇద్దరు పెద్దవాళ్ళు ఒప్పుకోవడమూ నాకు సంతోషం కలిగించాయి. మీరు రాసి పంపిన సామాన్ల పట్టికను రెండుసార్లు చదివాను. అందులో టోపీలు, చలువ కళ్ళద్దాలు, ఎండకు రాసుకునే క్రీము అన్నీ ఉన్నాయి గాని, ఉన్ని బట్ట ఒక్కటీ కనబడలేదు. ఎడారి అనగానే మీ కళ్ళ ముందు మిట్టమధ్యాహ్నమే కదలాడిందన్నమాట. నిజానికి మీరు అక్కడ ఉండబోయే సమయంలో ఎక్కువ భాగం రాత్రే కాబట్టి, మీ ఏర్పాట్ల లెక్కను తెల్లవారుజామున ఐదు గంటల నుంచి వెనక్కి వేసుకుంటూ రమ్మని చెప్పడానికే ఈ జాబు రాస్తున్నాను.

ఏడాదికి సుమారు 250 మిల్లీమీటర్లకు మించి వాన పడని నేలను సాధారణంగా ఎడారి అంటారు. ఆ నిర్వచనంలో వేడి ప్రసక్తే లేదని గమనించండి. ఆ లెక్కన మంచు కప్పిన అంటార్కిటికా కూడా ఎడారే. వాన లేని చోట గాలిలో తేమ ఉండదు, ఆకాశంలో మబ్బు ఉండదు. తేమా మబ్బూ ఉన్నచోట అవి నేల నుంచి పైకి పోయే వేడిని పట్టి ఉంచి, కొంత మళ్ళీ కిందికి పంపుతాయి. అవి లేని చోట పొద్దు గుంకగానే నేల తన వేడినంతా తిన్నగా ఆకాశంలోకి వదిలేస్తుంది. పైగా ఇసుకలో వేడి లోపలికి అంతగా దిగదు, చాలావరకు పైపొరలోనే నిలిచి ఉంటుంది గనుక, ఎంత తొందరగా కాలుతుందో అంత తొందరగా చల్లారుతుంది. వెళ్ళిన రోజు చీకటి పడిన ఒక గంటకు అరచేతిని ఇసుక మీద ఆనించి చూడండి, చల్లగా తగులుతుంది. అదే చోట వేళ్ళతో బెత్తెడు లోతు తవ్వి చూస్తే పగటి వేడి ఇంకా గోరువెచ్చగా దాగి ఉంటుంది. పగటికీ రాత్రికీ 20 డిగ్రీల దాకా తేడా రావడం అక్కడ వింత కాదు. నేల రాత్రంతా చల్లారుతూనే ఉంటుంది కాబట్టి, అన్నిటికన్నా చలి ఎక్కువగా ఉండేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి కాస్త అటూ ఇటూగా.

ఈ సంగతి నేను కష్టపడి నేర్చుకున్నదే. మొదటిసారి ఎడారిలో పడుకున్నప్పుడు రెండు మందపాటి కంబళ్ళు పైన కప్పుకుని, కింద ఒక పలుచని దుప్పటి మాత్రం పరుచుకున్నాను. మూడు గంటల వేళకు పళ్ళు టకటక కొట్టుకోవడం మొదలైంది. కప్పుకున్నవి చాలలేదేమోనని ఇంకొకటి వెతుక్కున్నాను గాని, వీపు తప్ప మిగిలిన ఒళ్ళంతా బాగానే ఉన్నదని ఆలస్యంగా తెలిసింది. ఒక కంబళిని తీసి నాలుగు మడతలు వేసి కింద పరిచాక గాని నిద్ర పట్టలేదు. అందుచేత స్లీపింగ్ బ్యాగు ఎంత మంచిది కొన్నా, దాని కింద వేసుకునే దళసరి పరుపు లేకపోతే ఫలితం సగమే; మనం పడుకున్నప్పుడు ఒంటి బరువుకు బ్యాగు అడుగుభాగం నలిగి అణిగిపోయి, నేలకూ వీపుకూ మధ్య అడ్డుగా పనికిరాదు.

బట్టల విషయంలో ఒక చిన్న క్రమం పాటించండి. పగలు చెమట పట్టిన నూలు బట్టలను పొద్దు ఉండగానే విప్పేసి, పొడివి తొడుక్కోవాలి. తడి గుడ్డ చలిలో ఒంటి వేడిని లాగేస్తుంది. వాటిపైన ఒకదాని మీద ఒకటిగా రెండు మూడు పొరలు, చెవులు కప్పే ఉన్ని టోపీ, మందపాటి మేజోళ్ళు ఉండాలి. పగటి పూటకు మాత్రం వదులైన పొడుగు చేతుల చొక్కాలే మేలు. అరబ్బు ఎడారుల్లో తిరిగే సంచార జాతివారైన బెదూయిన్లు తొడిగే నల్లని అంగీల మీద 1980లో శాస్త్రవేత్తలు పరిశోధన చేసి, వదులుగా ఉన్నంత కాలం నల్ల అంగీ అయినా తెల్ల అంగీ అయినా ఒంటికి చేరే వేడిలో తేడా లేదని తేల్చారు. రంగు గురించి మీలో మీకు తగవు ఉందని రాశారు గనుక దీన్ని ప్రస్తావించాను.

ఇక నీళ్ళు. తాగడానికీ వండుకోవడానికీ కలిపి మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు అని లెక్క వేసుకోండి. ఒక్క రాత్రే కదా అని దాన్ని సగానికి తగ్గించవద్దు. వెళ్ళిన మధ్యాహ్నం నుంచి మరునాటి మధ్యాహ్నం దాకా నిండు రోజు అవుతుంది. బండి మొరాయించినా, దారి తప్పినా ఆదుకోవడానికి ఇంకొక రోజుది తోడు ఉండాలి. మీరు ముగ్గురు, పెద్దవాళ్ళు ఇద్దరు, అంటే 40 లీటర్లు, అనగా 40 కిలోల బరువు. బండిలో ముందు దీనికి చోటు చూసి, ఆ తరువాతే మిగిలిన సామాను సర్దండి. అంతా ఒకే క్యానులో పోయకుండా నాలుగైదింటిలో పంచితే, ఒకటి కారిపోయినా కొంప మునగదు. నీళ్ళు ఉన్నప్పుడు దాచుకుంటూ గుక్కెడు గుక్కెడుగా తాగడం పొరపాటు. దాహం వేసినప్పుడల్లా తాగండి, చెమటతో పోయే ఉప్పు కోసం ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు వెంట ఉంచుకోండి. మూత్రం ముదురు పసుపుగా వస్తున్నదంటే మీరు తాగుతున్నది చాలడం లేదని అర్థం.

చోటు ఎంచుకోవడం దగ్గరే చాలామంది తొందరపడతారు. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే చేరి, వెలుతురులో నేలను చూసుకోవాలి. ఎండిన వాగు అడుగున ఇసుక మెత్తగా, చదునుగా ఉండి పక్క పరచమని పిలుస్తున్నట్టే కనబడుతుంది; అక్కడ మాత్రం టెంటు వేయకండి. ఎక్కడో దూరాన కొండల మీద కురిసిన వాన, మీ నెత్తిన మబ్బు తునక లేకపోయినా, ఆ వాగు వెంట ఒక్కసారిగా విరుచుకుపడగలదు. బాగా పల్లంగా ఉన్న గుంటలోకి చల్లగాలి దిగి నిలుస్తుంది, ఇసుక తిన్నె కొనమీద గాలి కొడుతుంది. కాబట్టి రెండింటికీ మధ్య, కొద్దిగా ఎత్తయిన చోటు కావాలి. తిన్నెకు గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఎక్కుతుంది, అవతలి వైపు 30 డిగ్రీలకు మించిన నిటారు వాలులో ఇసుక జారుతూ ఉంటుంది. ఆ జారుడు కింద పడుకోవద్దు. టెంటు వాకిలి గాలికి ఎదురుగా కాక పెడమొహంగా ఉండాలి. వదులు ఇసుకలో మామూలు మేకులు నిలవవు. చిన్న గుడ్డ సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతు గోతిలో పూడ్చి పైన తొక్కితే ఎంత గాలి వచ్చినా కదలదు. అయితే ఎడారి అంతా ఇసుకే అనుకోకండి. సహారాలో సైతం ఇసుక పరుచుకున్నది సుమారు నాలుగో వంతే, మిగిలినదంతా రాయీ గులకానూ. రాతినేల అయితే తాళ్ళను పెద్ద బండలకు కట్టాలి.

తేళ్ళ గురించి భయపడుతున్నారని తెలిసింది. బూట్లు టెంటు లోపలే పెట్టుకోండి, పొద్దున తొడిగే ముందు తలకిందులు చేసి దులపండి, చీకట్లో ఉత్త కాళ్ళతో నడవకండి, చూడకుండా రాళ్ళ కింద చెయ్యి పెట్టకండి. అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి ఒకటి ఉంటే పట్టుకెళ్ళండి. దాని వెలుగులో తేలు పెంకు ఆకుపచ్చగా మెరుస్తుంది, పడుకునే ముందు చుట్టూ ఒక్కసారి తిప్పి చూడవచ్చు.

నక్షత్రాలు చూడాలన్నది మీ అసలు కోరిక కాబట్టి తేదీని అమావాస్యకు దగ్గరగా పెట్టుకోండి. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎవరైనా ఒక్క క్షణం సెల్‌ఫోను వెలిగిస్తే అంతా మొదటికి వస్తుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే ఆ బెడద తగ్గుతుంది. ఫోను ఎటూ సిగ్నలు అందదు. మ్యాపు ముందే దించుకుని, చలికి బ్యాటరీ పడిపోకుండా రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులోనే ఉంచుకోండి.

బయలుదేరే ముందు ఏ దారిన వెళుతున్నారో, ఎక్కడ ఆగుతారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి, ఆ గంట దాటితే ఎవరికి కబురు చేయాలో కూడా అందులోనే రాయండి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడక మొదలుపెట్టవద్దు. వెతికేవాళ్ళకు మనిషి కన్నా బండి సులువుగా కనబడుతుంది, దాని నీడ కూడా మీకు అక్కరకొస్తుంది.

మంట కోసం అక్కడి పొదలను విరవకండి, చిన్న స్టవ్ తీసుకుపొండి. కాలకృత్యాలకు మకాముకు దూరంగా పోయి, జానెడు లోతు గుంట తవ్వి పూడ్చాలి. కాగితాన్ని మాత్రం సంచిలో కట్టి వెనక్కి తేవాలి, పొడినేలలో అది ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది.

పట్టికను తిరగరాసి పంపండి. కింద పరుచుకునేవి ఎన్ని, నీళ్ళ క్యాన్లు ఎన్ని, ఎవరు దేన్ని మోస్తారు అన్నది పేరు పేరునా రాస్తే, తేదీ ఖాయం చేసేలోగా చూసి మళ్ళీ జాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య