మంట నీరసపడితే గ్యాస్ అయిపోయినట్టేనా? ప్రొపేన్ బర్నర్ల మీద అపోహలు - వాస్తవాలు

ఇంట్లో బీరు కాచేవాళ్లకు ఈ టెన్షన్ తెలిసే ఉంటుంది. మాల్ట్ నీళ్లు వడకట్టి, అలా వచ్చిన తియ్యటి ద్రవాన్ని, అంటే వోర్ట్‌ని, పొయ్యి మీద పెట్టి గంట దాటినా అది ఉడుకు పట్టదు, కిందేమో మొన్నటిదాకా గర్జించిన బర్నర్ దీపంలా వెలుగుతుంటుంది. వెంటనే అందరూ బర్నర్‌నే తిట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చిన వాటిలో నిజంగా బర్నర్ పాడైనవి చాలా తక్కువ.

అపోహ: మంట చిన్నదైతే సిలిండర్ ఖాళీ అయినట్టే.

ముందు సిలిండర్ తూచండి, దాని మీద ముద్రించిన ఖాళీ బరువు తీసేయండి, అనుమానం అక్కడే తీరిపోతుంది. గ్యాస్ ఉండి కూడా మంట లేకపోతే నేను మొదట అనుమానించేది భద్రతా వాల్వ్‌ని. చాలా రెగ్యులేటర్ల కనెక్టర్‌లో, గొట్టం ఊడిపోతే గ్యాస్‌ని ఆపడానికి ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. బర్నర్ నాబ్ తెరిచే ఉంచి సిలిండర్ వాల్వ్‌ని ఒక్కసారిగా తిప్పితే గ్యాస్ ఉరుకుతుంది, అది లీక్ అనుకుని ఆ ఏర్పాటు దారి మూసేస్తుంది, సన్నటి ధార మాత్రమే వదులుతుంది. రెండు వాల్వులూ కట్టేసి, రెగ్యులేటర్ ఊడదీసి, కొన్ని నిమిషాలాగి మళ్లీ బిగించండి. బర్నర్ నాబ్ మూసే ఉంచి సిలిండర్‌ని మెల్లగా, చాలా మెల్లగా తెరవండి. ఇంత చేసినా మళ్లీ మళ్లీ మూసుకుంటుంటే మాత్రం లీక్ నిజంగానే ఉండొచ్చు, సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడకుండా అగ్గిపుల్ల గీయకండి.

అపోహ: ప్రెషర్ గేజ్ చూస్తే ఎంత గ్యాస్ మిగిలిందో తెలిసిపోతుంది.

తెలియదు. లోపల ద్రవం కొంచెం ఉన్నా ప్రెషర్‌ని నిర్ణయించేది ఉష్ణోగ్రతే.

అపోహ: సిలిండర్ మీద మంచు పేరుకుందంటే లీకే.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ప్రొపేన్ మరిగేది మైనస్ 42 డిగ్రీల దగ్గర, అందుకే మామూలు వాతావరణంలో అది సిలిండర్‌లో దానంతటదే ఆవిరవుతూ ఉంటుంది. కానీ ఒక కిలో ఆవిరి కావాలంటే సుమారు 350 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని అది మిగిలిన ద్రవం నుంచి, సిలిండర్ లోహం నుంచి లాక్కుంటుంది. పెద్ద బర్నర్‌ని పూర్తిగా తెరిచి చిన్న సిలిండర్ మీద నడిపితే బయటి నుంచి వచ్చే వేడి చాలదు, ద్రవం చల్లబడిపోయి సిలిండర్ మీద మంచు పేరుకుంటుంది, లోపలి ప్రెషర్ కూడా తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర ఏడు బార్ పైన ఉండే గేజ్ ప్రెషర్, ద్రవం మైనస్ 20 డిగ్రీలకు చల్లబడితే ఒకటిన్నర బార్ కూడా ఉండదు. సిలిండర్ సగానికి పైగా ఖాళీ అయ్యాక ద్రవానికి తగిలే లోహం కూడా తగ్గుతుంది కాబట్టి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. పెద్ద సిలిండర్ వాడటమే మంచి మందు. అప్పటికప్పుడు కావాలంటే, చెయ్యి పెట్టగలిగే గోరువెచ్చని నీళ్ల తొట్టిలో సిలిండర్‌ని నిలబెట్టండి. మరిగే నీళ్లు పోయడం, మంట చూపించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

అపోహ: జెట్ (బర్నర్‌లోకి గ్యాస్‌ని చిమ్మే సన్నటి ముక్కు) రంధ్రం పెద్దది చేస్తే మంట పెరుగుతుంది.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. రంధ్రం పెరిగితే గ్యాస్ ఎక్కువై గాలి చాలక మసి, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. అసలు లోపం జత కుదరకపోవడం కావచ్చు, ఎందుకంటే హై ప్రెషర్ బర్నర్‌కి వంటింటి పొయ్యి రెగ్యులేటర్ తగిలిస్తే, అది ఇచ్చే సుమారు 30 మిల్లీబార్‌తో ఎంత మంచి బర్నరైనా నీరసంగానే వెలుగుతుంది.

అపోహ: పసుపురంగు పెద్ద మంటే ఎక్కువ వేడి.

పసుపు మంటంటే గాలి చాలడం లేదని. గాలి షటర్ (బర్నర్‌లోకి గాలి వెళ్లే దారిని పెంచే, తగ్గించే మూత) తిప్పి మంట నీలంగా అయ్యేదాకా సరిచేయండి. అప్పటికీ మారకపోతే బర్నర్ గొట్టంలోకి టార్చ్ వేసి చూడండి, నెలల తరబడి మూలన పెట్టిన బర్నర్‌లో సాలీడు గూడు కట్టి ఉండొచ్చు. పొంగిన వోర్ట్ ఎండి రంధ్రాల్లో గట్టిపడటమూ మామూలే, బర్నర్ చల్లారాక బ్రష్‌తో తోమితే పోతుంది.

ఇక గాలి సంగతి. 25 లీటర్లను 65 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి లెక్క ప్రకారం 80 గ్రాముల ప్రొపేన్ చాలు, ఆరుబయట గాలికి అంతకన్నా చాలా ఎక్కువే ఖర్చవుతుంది. గిన్నె చుట్టూ రేకు అడ్డం పెట్టండి, కానీ ఆ వేడి సిలిండర్ వైపు, రెగ్యులేటర్ వైపు మళ్లకుండా చూసుకోండి. బయట గాలి ఎక్కువగా ఉందని బర్నర్‌ని ఇంట్లోకి మాత్రం తేకండి: ప్రొపేన్ గాలికన్నా బరువైనది, లీకైతే నేల మీదే పేరుకుంటుంది.