తండ్రి వీపెక్కిన పిల్ల

మర్కట కిశోర న్యాయం అనే మాట వైష్ణవ గ్రంథాల్లో కనిపిస్తుంది. కోతిపిల్ల తల్లిని కరుచుకున్నట్టు భక్తుడు భగవంతుణ్ని పట్టుకోవాలని దాని తాత్పర్యం. ఏ కొండ మీది గుడికి వెళ్లినా ఆ పోలిక కళ్లకు కడుతుంది. తల్లికోతి మెట్ల మీంచి ప్రహరీ మీదికి, అక్కడి నుంచి చెట్టు కొమ్మకు దూకుతున్నా పొట్టకు అతుక్కున్న పిల్ల పట్టు సడలదు. ఆ పిల్లకు తండ్రి ఎవరో మందను చూసి చెప్పలేం. బరువు మోసేది మాత్రం తల్లే.

ఇదే న్యాయాన్ని అర్జెంటీనా ఉత్తరాన ఉన్న ఫార్మోసా రాష్ట్రంలో, ఏటి ఒడ్డు అడవుల్లో చెప్పాల్సి వస్తే ‘తల్లి’ అన్నచోట ‘తండ్రి’ అని మార్చుకోవాలి.

అక్కడ గుడ్లగూబ కోతులుంటాయి. స్థానికులు వాటిని మిరికినా అంటారు. బరువు కిలోకు కాస్త ఎక్కువ. గుండ్రటి చిన్న ముఖంలో కళ్లే ముందు కనిపిస్తాయి. ఆడదేదో మగదేదో దూరం నుంచి పోల్చుకోవడం కష్టం. ఒక ఆడ, ఒక మగ, వాటి పిల్లలు, అంతే కుటుంబం. ఎడ్వర్డో ఫెర్నాండెజ్ డూకే అనే మానవ శాస్త్రవేత్త తన బృందంతో 1996 నుంచి ఈ కుటుంబాల వెంట తిరుగుతున్నారు. ఏడాదికి ఒక్క కాన్పు, సాధారణంగా ఒక్కటే పిల్ల. మొదటి వారం ఆ పిల్ల ఎక్కువగా తల్లి ఒంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ తర్వాత తండ్రి వీపుకు మారుతుంది. ఆకలేసినప్పుడు తల్లి దగ్గరికి వెళ్లి పాలు తాగుతుంది, తాగగానే మళ్లీ తండ్రి మీదికి ఎక్కేస్తుంది. మోసే సమయంలో నూటికి 80 వంతులు తండ్రిదే. పిల్లతో ఆడుకునేదీ, తన తిండిలోంచి పెట్టేదీ కూడా ఎక్కువగా అతడే. దీన్ని సాయం అనడానికి నాకు మనసొప్పదు. పాలివ్వడం తప్ప పెంపకమంతా అతడి పనే.

పిల్ల వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుంది? దీనికి జవాబు మరో దక్షిణ అమెరికా జాతి, టిటీ కోతుల దగ్గర దొరికింది. ఈ జంటలు కొమ్మ మీద పక్కపక్కన కూర్చుని రెండు తోకలనూ జడలా పెనవేసుకుంటాయి. వీటిలోనూ పిల్లను మోసేది తండ్రే. కాలిఫోర్నియాలోని పరిశోధకులు 1990లలో ఒక పరీక్ష చేశారు. తండ్రిని పిల్ల దగ్గరే ఉంచి తల్లిని కాసేపు వేరు చేస్తే, పిల్ల రక్తంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోను పెరగలేదు. తండ్రిని తీసేస్తే, తల్లి పక్కనే ఉన్నా పెరిగింది. పాలిచ్చేది ఒకరు, ధైర్యమిచ్చేది మరొకరు. ఈ ఫలితం తెలిసిన రోజు నేను చాలాసేపు దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. మమకారం పాల వెంటే నడుస్తుందని నాకు తెలియకుండానే నమ్ముతూ వచ్చాను.

ఇంత చాకిరీ చేసే తండ్రికి ఆ పిల్ల తనదేనన్న భరోసా ఉందా? పక్షుల్లో 90 శాతం జాతులు జంటకట్టి బతుకుతాయి. గూళ్లలోని పిల్లల డీఎన్‌ఏ పరీక్షిస్తే చాలా జాతుల్లో కొన్ని పిల్లలకు తండ్రి వేరని తేలింది. అందుకే 2014లో మిరికినాల డీఎన్‌ఏ ఫలితాలు వచ్చినప్పుడు అందరూ ఆసక్తిగా చూశారు. 17 జంటలకు పుట్టిన 35 పిల్లల్లో ఒక్కటి కూడా బయటి మగదాని సంతానం కాదు. ప్రైమేట్లలో, అంటే కోతులు, తోకలేని వానరాలు, లీమర్లు కలిసిన వర్గంలో, జంటగా బతికేవాటికి ఇలాంటి రుజువు దొరకడం అదే మొదటిసారి.

పాలిచ్చే జంతువుల్లో జంటగా బతకడం అరుదు, పదింటిలో ఒక జాతి కూడా ఉండదు. ప్రైమేట్లలో మాత్రం అది కాస్త ఎక్కువ. ఎందుకు? 2013 జులైలో ఒకే వారంలో రెండు పరిశోధనలు రెండు జవాబులు చెప్పాయి. కేంబ్రిడ్జికి చెందిన లూకాస్, క్లటన్ బ్రాక్ దాదాపు 2,500 క్షీరద జాతులను పోల్చారు. ఆడవి ఒకదానికొకటి దూరంగా, విడివిడిగా బతికేచోట మగది ఒకటికి మించి కాపాడుకోలేదు కనుక ఒకదానితోనే ఉండిపోయిందన్నారు. లండన్‌కు చెందిన క్రిస్టఫర్ ఓపీ బృందం 230 ప్రైమేట్ జాతులను చూసి, అసలు కారణం శిశుహత్య, అంటే బయటి మగది వచ్చి పిల్లలను చంపడం, అంది.

శిశుహత్య సంగతి మన దేశపు కొండముచ్చులే లోకానికి తెలియజేశాయి. 1960ల మొదట్లో కర్ణాటకలోని ధార్వాడ్ అడవుల్లో యుకిమారు సుగియామా అనే జపాన్ శాస్త్రవేత్త కొండముచ్చుల గుంపులను గమనించారు. బయటి మగది వచ్చి గుంపు నాయకుణ్ని తరిమేశాక పాలుతాగే పిల్లలు ఒక్కొక్కటే చనిపోయాయి. రద్దీ వల్ల పుట్టిన వికారమని చాలామంది కొట్టిపారేశారు. 1971 నుంచి రాజస్థాన్‌లోని ఆబూ కొండ మీద పనిచేసిన సారా హ్ర్డీ అందులోని లెక్కను చూశారు. పాలిస్తున్నంత కాలం తల్లి మళ్లీ ఎదకు రాదు. పిల్ల పోతే త్వరగా వస్తుంది. కొత్త మగదానికి ఆ తొందర ఉంది, ఎందుకంటే తన ఏలుబడి ఎన్నాళ్లో దానికీ తెలియదు. తల్లులు ఊరకే చూస్తూ కూర్చోవు. కొన్నిసార్లు రెండు మూడు ఆడవి కలిసి ఆ మగదాని మీద విరుచుకుపడతాయి. ఇలాంటి ముప్పు ఉన్నచోట, తండ్రి పిల్లను వదలకుండా కాపలా ఉండటమే జంట బతుకుకు దారితీసిందని ఓపీ వాదన.

ఈ రెండు వాదాలూ ఒక విషయంలో కలిశాయి. జంట ముందు, తండ్రి పెంపకం తర్వాత. పిల్లను మోయడం కోసం మగది ఉండిపోలేదు, ముందే ఉండిపోయింది కనుక మోయడం మొదలుపెట్టింది. నాకు ఈ వరుసే నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఈ రెండు గుణాలూ విడివిడిగా కూడా దొరుకుతాయి. అస్సాంలోని జోర్హాట్ దగ్గర హూలాక్ గిబ్బన్లనే తోకలేని వానరాలున్నాయి. నల్లటి మగది, గోధుమరంగు ఆడది తెల్లవారుతూనే గొంతు కలిపి అడవి దద్దరిల్లేలా పాడతాయి. జంట బతుకే, కానీ పిల్లను మోసేది తల్లే. గిబ్బన్లలో సియామాంగ్ జాతి మగది మాత్రం రెండో ఏట పిల్లను ఎత్తుకుంటుంది.

ఇక పెరూలోని మాను అడవుల్లో టామరిన్ కోతుల సంగతి దీనికి తలకిందులు. వాటికి కవలలు పుడతారు, ఇద్దరి బరువూ కలిపితే తల్లి బరువులో దాదాపు ఐదో వంతు. 1980లలో ఆన్ గోల్డిజన్, జాన్ టెర్బర్గ్ చూసిన గుంపుల్లో ఒక్క ఆడదానితో ఇద్దరు మగవాళ్లు జతకట్టి, ఇద్దరూ పిల్లలను మోశారు. జంట లేదు, తండ్రి పెంపకం నిండుగా ఉంది. కెన్యాలోని ఆంబోసెలీలో బబూన్ కోతులు పెద్ద గుంపుల్లో ఎవరితో పడితే వారితో జతకడతాయి. అయినా పిల్లల మధ్య తగవు వచ్చినప్పుడు మగ బబూన్లు ఎక్కువగా తమ పిల్లల పక్షానే నిలుస్తాయని 2003లో డీఎన్‌ఏ పరీక్షలు చూపించాయి. ఎవరు తమ పిల్లో ఏదో ఒక విధంగా వాటికి తెలుస్తోంది.

మళ్లీ మిరికినాల దగ్గరికి వస్తే, వాటి జంట మనం ఊహించుకునే ప్రశాంత సంసారం కాదు. పెరిగిన పిల్లలు ఇల్లు విడిచి ఒంటరిగా తిరుగుతాయి. జతలేని ఈ ఒంటరి కోతులు కాపురాల మీద దాడిచేసి, ఆడదాన్నో మగదాన్నో తరిమేసి ఆ చోటులో తాము చేరతాయి. ఈ పోట్లాటల్లో గాయాలు తగులుతాయి, ప్రాణాలూ పోతాయి. మొదటి జతతోనే చివరిదాకా ఉన్నవాటికి, జత మారినవాటికన్నా పదేళ్ల కాలంలో 25 శాతం ఎక్కువ పిల్లలు పుట్టారు.

తండ్రితనం ఒంటిలోకి కూడా దిగుతుంది. మార్మొసెట్ అనే చిన్న కోతుల్లో ఆడది గర్భంతో ఉన్నప్పుడు మగది కూడా బరువు పెరుగుతుందని విస్కాన్సిన్ పరిశోధకులు 2006లో కనుక్కున్నారు. రాబోయే నెలల మోతకు అది ముందే బలం కూడగట్టుకుంటుందని వారి అంచనా. మనుషుల్లోనూ ఇలాంటిదే కనిపించింది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను నాలుగున్నరేళ్లు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పెళ్లయి తండ్రులైనవారిలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను బాగా పడిపోయింది. రోజుకు మూడు గంటలో అంతకన్నా ఎక్కువో పిల్లల పని చేసేవారిలో అది మరీ తక్కువ.

మధ్య ఆఫ్రికా అడవుల్లో వలలు పట్టి భార్యలతో కలిసి వేటకు వెళ్లే ఆకా జాతి తండ్రులను బ్యారీ హ్యూలెట్ రోజంతా గమనించి లెక్కగట్టారు. దాదాపు సగం సమయం, నూటికి 47 వంతులు, పసిబిడ్డ తండ్రి చేతుల్లోనో, చేయి చాస్తే అందేంత దూరంలోనో ఉంది.