బాప్తిస్మానికి పేరు మార్చుకోవాలా? అపోహలు - వాస్తవాలు

"అయ్యగారూ, నాకే పేరు పెడతారండీ?" బాప్తిస్మం తరగతి మొదలైన వారంలోనే వచ్చే ప్రశ్న ఇది. పాలకొల్లయినా, నరసాపురమైనా, రాజోలైనా అంతే. సత్యనారాయణలూ దుర్గాభవానులూ తల దించుకుని అడుగుతారు, అమ్మానాన్నలు పెట్టిన పేరేదో నేరమైనట్టు. పాపం, వాళ్లనేం అనగలం? పేరు మారకపోతే జీవగ్రంథంలోకి, అంటే రక్షణ పొందినవారి పేర్లుండే దేవుని పుస్తకంలోకి, ఎక్కరని ఎవరో ఒకరు ముందే బెదరగొట్టి ఉంటారు.

అపోహ: క్రైస్తవులను హింసించిన సౌలు మారుమనస్సు పొందగానే పౌలయ్యాడు, కాబట్టి మనమూ మార్చుకోవాలి.

వాస్తవం: అపొస్తలుల కార్యములు తెరిచి వేలు పెట్టి చూడండి. దమస్కు దారిలో ప్రభువు పిలిచింది "సౌలా, సౌలా" అనే. 9:18లో బాప్తిస్మం అయిపోయింది. 11:30లో సౌలే, 12:25లో సౌలే. 13:2లో పరిశుద్ధాత్మ పనికి పిలిచినప్పుడూ సౌలే. కుప్ర (సైప్రస్) ద్వీపంలో, 13:9 దగ్గర, "పౌలు అనబడిన సౌలు" అని వస్తుంది. ఇంట్లో హెబ్రీ పేరు, బయట రోమా పేరు, రెండూ ఆయనవే. అన్యజనుల మధ్య తిరగడం మొదలయ్యాక బయటి పేరు నిలిచింది.

అంతెందుకు, తొలి సంఘాల్లోని విశ్వాసులనే చూడండి: అపొల్లో, ఫీబే, హెర్మే, ఎపఫ్రొదితు. ఈ నాలుగు పేర్లూ గ్రీకు దేవతల పేర్ల నుంచి వచ్చినవే. వీళ్లలో ఎవరినీ పేరు మార్చుకోమని పౌలు రాయలేదు. ఫీబే గురించైతే రోమా పత్రిక 16వ అధ్యాయం మొదట్లోనే సిఫారసు చేశాడు.

ఈ పుకారు వల్ల నష్టం ఎక్కడ తగులుతుందో చూడండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండే అవకాశాలు. సంఘంలో పెట్టిన పేరు ఆధార్‌లో ఎక్కించేస్తారు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పాతదే ఉంటుంది. బ్యాంకు ఖాతా, పాన్, పొలం పాసుపుస్తకం తలో దారి. కోనసీమ నుంచి కువైట్ వెళ్లాలనుకునే ఆడవాళ్లకు పాస్‌పోర్టు దగ్గర ముడి పడుతుంది. ఇంకో నష్టం కాగితాల మీద కనపడదు. అన్నవరం మొక్కుకుని కన్నతల్లి పెట్టిన పేరు తీసేస్తే, ఆవిడకు వినబడేది "నిన్ను వదిలేశాను" అనే. ఆ తర్వాత సువార్త ఏం చెప్పినా ఆ ఇంట్లో చెవికెక్కదు.

మరి మారేదేమిటి? నడుంలోతు నీళ్లలో నిలబడ్డప్పుడు పలికే మాట గుర్తు చేసుకోండి: తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామములోనికి (మత్తయి 28:19). అక్కడ మీద పడే పేరు ఆయనది. దత్తత వెళ్లిన పిల్లాణ్ణి చూడండి, ఇల్లు మారుతుంది, వారసత్వం మారుతుంది, పెరట్లోంచి పిలిచే పేరు అదే.

తరగతిలో దీనికో పని ఇస్తాం. నోట్‌బుక్‌లో పేజీ మధ్య గీత గీయండి. ఎడమవైపు ఊరు మిమ్మల్ని ఏమంటుందో రాయండి: ఫలానా వీధివాడు, అప్పులోడి కొడుకు, పరీక్ష తప్పింది. కుడివైపు ఎఫెసీ పత్రిక 1వ అధ్యాయం చదువుతూ, మీ గురించి అక్కడున్నవి రాయండి: ఏర్పరచుకోబడినవారు (4వ వచనం), దత్తత పొందినవారు (5), విమోచన పొందినవారు (7), ముద్ర పడినవారు (13). రోజూ ఒక్కటే, నాలుగు రోజులు. చాలామంది ఇక్కడే పొరపడి 4వ అధ్యాయానికి దూకేస్తారు, కోపం మానాలి, అబద్ధం మానాలి అంటూ. మూడు అధ్యాయాలు మీరెవరో చెప్పాకే 4:1లో "కాబట్టి" వస్తుంది. దాన్ని తిరగేస్తే, ఒకసారి నోరు జారగానే "నేను క్రైస్తవుణ్ణే కాదేమో" అని మళ్లీ మునగడానికి వస్తారు. రెండోసారి ముంచక్కర్లేదు.

దీనికి తిరగేసిన పుకారు ఇంకోటి: పేరు పాతదే ఉంచుకుంటే ఎస్సీ హోదాకు ఢోకా లేదని. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు మూడో పేరా చూసేది మతాన్ని, పేరును కాదు. హిందువులతో పాటు 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు, దానికున్న రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. ఇది న్యాయమా కాదా అన్నది వేరే వాదన. కానీ నీళ్లలోకి దిగే ముందే ఈ సంగతి చెప్పాలి, దిగాక కాదు. పిల్లల చదువు లెక్కలో ఉన్నవాళ్లు భయపడటం అవిశ్వాసం కాదండీ.

మిగతావి గబగబా. కల రావాలి, వెలుగు కనబడాలి అన్న నియమం లేదు. పౌలు మాటలు విన్న లూదియ అనే ఆవిడ హృదయాన్ని ప్రభువు తెరిచాడు, అంతే (అపొస్తలుల కార్యములు 16:14). బాప్తిస్మం తీసుకున్నాక అమ్మానాన్నలతో కలిసి తినకూడదని ఎవరైనా అంటే, ఏ వచనమో చూపించమనండి. తెల్లబట్టలు ఆచారమే, ఆజ్ఞ కాదు. పలచటి గుడ్డ తడిస్తే ఆడపిల్లలు ఇబ్బంది పడతారు, ముదురు రంగువే మేలు. ఇక వేసవిలో కాలువలు కట్టేస్తారు, మడుగుల్లో మిగిలేది పాకుడు నీళ్లు. కాలువలకు నీళ్లు వదిలేదాకా ఆగండి, లేదా సంఘం తొట్టిలోనే కానివ్వండి.