ఇనుము మరిచిపోయిన తోడు

మా పెద్దబాపు అంబాసిడర్ డాష్‌బోర్డు మీద పల్లీగింజంత ఎర్రలైటు ఒకటుంది. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజన్ స్టార్టయి కాస్త రేస్ ఇవ్వగానే ఆరిపోవాలి. రేకుల షెడ్డులో నాలుగేళ్లు పడుకుని లేచాక, ఆ లైటు ఆరడం మానేసింది. నల్గొండలోనే ఒకాయన చూసి బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేయించాం. మూడో రాత్రి మిర్యాలగూడలో పెళ్లి చూసుకుని వస్తుంటే హెడ్‌లైట్లు పసుపెక్కి, హారన్ గొంతు పోయి, బండి రోడ్డు పక్కన చల్లగా ఆగింది.

లెక్క వేస్తే ఇందులో వింతేమీ లేదు. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి 12 వోల్టుల దగ్గర ఏడున్నర ఆంపియర్లు తాగుతాయి. ఇగ్నిషన్ కాయిల్‌కి, వెనక లైట్లకి ఇంకో నాలుగైదు. అంటే మొత్తం పన్నెండు ఆంపియర్లు. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండుగా ఉన్నా, పైనుంచి చార్జింగ్ రాకపోతే కాగితం మీద కూడా నాలుగు గంటలు దాటదు. కొత్త బ్యాటరీ వేయడమంటే బోరు ఎండిపోయిందని కొత్త ట్యాంకు కట్టించుకోవడమే.

నిజానికి ఆ ఎర్రలైటు మొదటిరోజు నుంచీ అసలు సంగతి చెబుతూనే ఉంది. దానికి ఒక వైపు బ్యాటరీ, రెండో వైపు ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే డైనమో. రెండు తొట్లను పైపుతో కలిపితే నీటిమట్టాలు సమానమైన చోట పారకం ఆగిపోతుంది కదా, ఇదీ అంతే. డైనమో వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీని అందుకోగానే బల్బు గుండా కరెంటు పారదు, లైటు ఆరుతుంది. ఆరలేదంటే డైనమో వైపు తొట్టి ఖాళీ అన్నమాట.

చివరికి బండిని క్లాక్ టవర్ వెనక సందులో డైనమోలు చుట్టే చాచా దగ్గరికి తోయించాం. ఆయన బ్యాటరీ వైపు చూడనే లేదు. ముందు బొటనవేలితో ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాడు. అరంగుళం దిగింది, బాగానే ఉంది. తర్వాత డైనమో వెనక ఉన్న రెండు వైర్లు ఊడదీశాడు. పెద్ద టెర్మినల్ డి, చిన్నది ఎఫ్. డి నుంచి కరెంటు బయటికి వస్తుంది, ఎఫ్ నుంచి లోపల అయస్కాంతం పుట్టించే ఫీల్డ్ కాయిల్‌కి పోతుంది. రెంటినీ ఒక వైరు ముక్కతో కలిపి, అక్కడినుంచి బాడీకి సూది మీటర్ పెట్టి ఇంజన్ మెల్లగా నడిపించాడు.

ఈ పరీక్ష నాకు భలే నచ్చింది. బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా తెంపే కటౌట్, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్, మిగతా వైరింగు అన్నీ పక్కకు పోయి డైనమో ఒక్కటే బోనులో నిలబడుతుంది. స్పీడు పెంచేకొద్దీ సూది చకచకా పైకి పోతే డైనమో నిర్దోషి, తప్పు రెగ్యులేటర్‌దో వైరుదో. ఒక వోల్టు దగ్గరే కూలబడితే ఫీల్డ్ కాయిల్ మీద అనుమానం. నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్ మీద, అంటే లోపల తిరిగే తీగచుట్ట మీద. అసలు కదలకపోతే ముందు బ్రష్‌లు, అంటే తిరిగే చుట్ట నుంచి కరెంటు అందుకునే కార్బన్ ముక్కలు చూడాలి. సూది 20 వోల్టులు దాటేలా మాత్రం రేస్ ఇవ్వకూడదు.

మాది అసలు కదల్లేదు. చాచా బ్రష్‌లు బయటికి తీశాడు. కార్బన్ పొడవు సరిపడా ఉంది, స్ప్రింగుల్లో బలం ఉంది. ఆ బ్రష్‌లు రాసుకునే రాగి పట్టీల వరుస, కమ్యుటేటర్ మాత్రం మాడిన పెనంలా నల్లబడింది. సన్న శాండ్ పేపర్‌తో రాగి రంగు తేలేదాకా రుద్దాడు (ఎమరీ పేపర్ వాడొద్దట, దాని రవ్వలు రాగి పట్టీల మధ్య చిక్కుకుంటాయి). మళ్లీ మీటర్ పెట్టాడు. సూది సున్నా దగ్గరే.

"ఈ డైనమోను ఎప్పుడన్న కొట్టిన్రా?" అనడిగాడు.

పెద్దబాపు నసిగాడు. షెడ్డులో ఉన్నప్పుడు పుల్లీ ఊడక ఎవరో సుత్తితో నాలుగు దెబ్బలు వేశారట.

"గదే మరి. ఇనుము మర్చిపోయింది సాబ్. తోడెయ్యాలె."

నేను నవ్వాను గానీ, ఇంతకంటే సరైన మాట ఇప్పటికీ నాకు దొరకలేదు. డైనమో కరెంటు పుట్టించాలంటే అయస్కాంతం కావాలి. ఆ అయస్కాంతం ఫీల్డ్ కాయిల్ నుంచి వస్తుంది, కాయిల్‌కి కరెంటు మళ్లీ డైనమోయే ఇవ్వాలి. మరి మొదలెక్కడ? కాయిల్ లోపలి ఇనుప దిమ్మెలో. బండి ఆపాక కూడా ఆ ఇనుములో పిసరంత అయస్కాంతత్వం మిగులుతుంది. రేపటి పెరుగుకు గిన్నె అడుగున దాచిన చెంచాడు తోడు లాంటిది. మళ్లీ తిరగగానే అది ఒకటో రెండో వోల్టులు పుట్టిస్తుంది. అవి కాయిల్‌లోకి పోయి అయస్కాంతాన్ని పెంచుతాయి, పెరిగిన అయస్కాంతం ఇంకా ఎక్కువ వోల్టులిస్తుంది. ఈ కిటుకును ఇంజనీరు సీమెన్స్, శాస్త్రవేత్త వీట్‌స్టన్ ఎవరికి వారే కనిపెట్టి వివరిస్తే, ఇద్దరి పత్రాలనూ లండన్ రాయల్ సొసైటీలో ఒకే రోజు చదివారు: 1867 ఫిబ్రవరి 14. మా బండి సరిగ్గా దానికి నూరేళ్ల తర్వాతి 1967 మోడల్, సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన ఏడాదిది. ఈ సంగతి పెద్దబాపుకు చెబితే బండికి ఇంకో పదివేలు ధర పెంచుతాడు.

ఇనుములో చిన్నచిన్న అయస్కాంత మండలాలుంటాయి. అవి ఎక్కువభాగం ఒకే దిక్కుకు తిరిగి ఉన్నంతకాలం తోడు ఉన్నట్టు. సుత్తిదెబ్బలకు, వేడికి అవి తలో దిక్కుకు తిరిగిపోతే లెక్క సున్నా.

చాచా బ్యాటరీ లైవ్ టెర్మినల్ (బాడీకి కలపనిది) నుంచి ఒక వైరు తెచ్చి, దాని కొసను ఎఫ్‌కి తాకించాడు. చిటుక్కుమని నిప్పురవ్వ. రెండు మూడు సెకన్లు, అంతే. ఎఫ్‌కి వచ్చే అసలు వైరును అప్పటికే తప్పించి ఉంచాడు, లేకపోతే రెగ్యులేటర్‌కి ముప్పు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పాత బ్రిటిష్ డిజైను బండ్లు చాలావాటిలో బాడీకి కలిపేది పాజిటివ్‌ని. అప్పుడు లైవ్ అంటే నెగెటివ్. అది చూసుకోకుండా తాకిస్తే ఇనుము తలకిందులుగా నేర్చుకుంటుంది, డైనమో ఉల్టా కరెంటు ఇస్తుంది, కటౌట్ పాయింట్లు కాలి అతుక్కుపోతాయి.

ఇంజన్ స్టార్ట్ చేశాం. సూది రెండు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, ఐదు, పది, పదిహేను అంటూ లేచింది. చాచా చెయ్యి ఊపి రేస్ తగ్గించమన్నాడు.

వైర్లు బిగించి బయల్దేరితే ఎర్రలైటు ఆరింది. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగగానే మళ్లీ మిణుకుమంది. పెద్దబాపుకు టెన్షన్ మొదలై, బండి వెనక్కి తిప్పించాడు. చాచా పానాలు తుడుచుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"ఆగినప్పుడు గట్లనే ఎలుగుతది సాబ్. డైనమో గంత మెల్లగ తిరిగితే బ్యాటరీని అందుకోదు. గింత రేస్ ఇయ్యి."

ఇచ్చాడు. ఆరింది.