ఆస్ట్రేలియా మేత భూములు: పశువుల డాక్టర్‌గా నాకు ఎదురయ్యే అపోహలు, అసలు వాస్తవాలు

క్వీన్స్‌లాండ్ వాయవ్యంలో జూలియా క్రీక్ చుట్టుపక్కల పశువుల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఈ ఊరు మెకిన్‌లే షైర్‌లో ఉంది (షైర్ అంటే ఇక్కడి స్థానిక పాలనా ప్రాంతం). షైర్ విస్తీర్ణం మన ఉమ్మడి అనంతపురం జిల్లాకు రెండింతలు, జనం మాత్రం వెయ్యి లోపే. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అవే ప్రశ్నలు వస్తుంటాయి కాబట్టి, తెలిసినంతవరకు ఒకచోట రాస్తున్నాను.

అపోహ: అదంతా ఎడారి, ఇసుక తప్ప ఏమీ ఉండదు.

వాస్తవం: ఇసుక దిబ్బలు కావాలంటే నైరుతిన సింప్సన్ ఎడారి వైపు వెళ్లాలి. మా దగ్గర నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. అందులో ఇక్కడి సొంత చెట్లు నిలవడం కష్టం, మిచెల్ గడ్డి మాత్రం నిలుస్తుంది. కరువులో దాని కుదురు బూడిదరంగుకు తిరిగి చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. కానీ కుదురు అడుగున మొగ్గలు బతికే ఉంటాయి, మంచి వాన తగిలితే చిగురిస్తుంది. ఒక్కో కుదురు ఇరవై ఏళ్లకు పైగా బతకగలదు. ఎన్ని పశువులను ఉంచుకోవాలో తేల్చేది ఈ గడ్డే. వానలు వెనకబట్టాక ఏప్రిల్, మే నెలల్లో ఎంత గడ్డి ఉందో చూసి, మళ్లీ వానలు పడేదాకా ఎన్ని నోళ్లకు సరిపోతుందో లెక్క వేస్తారు. మిగిలిన పశువులను అమ్మేస్తారు. ఒక కుటుంబం బతకాలంటే అంత గడ్డి కావాలి, అందుకే ఇంటికీ ఇంటికీ మధ్య అంత దూరం.

అపోహ: అంత ఖాళీ భూమి, ఎవరిదీ కాదు.

వాస్తవం: పశువుల స్టేషన్లు, అంటే ఇక్కడి భారీ పశుపోషణ క్షేత్రాలు, చాలావరకు ప్రభుత్వ లీజు మీద నడుస్తాయి. లీజు ఇచ్చినంత మాత్రాన ఆదివాసుల హక్కు పోదని, రెండూ కలిసి ఉండొచ్చని 1996లో విక్ ఆదివాసులు వేసిన కేసులో హైకోర్టు (ఇక్కడ దేశంలో అత్యున్నత న్యాయస్థానం అదే) చెప్పింది. పశుపోషణను ఇక్కడ నిలబెట్టినవాళ్లలో ఆదివాసీ కాపరులు ముఖ్యులు. వాళ్లకు తెల్లవాళ్లతో సమానంగా జీతం ఇవ్వలేదు. పక్కనున్న నార్తర్న్ టెరిటరీలోని వేవ్ హిల్ స్టేషన్‌లో గురింజీ తెగ ఆదివాసీ కాపరులు 1966లో పని మానేసి వెళ్లిపోయారు. 1975లో కొంత భూమి వాళ్ల చేతికి వచ్చింది. ఖాళీ భూమి అన్న మాట వింటే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: కరువే శత్రువు, వాన పడితే కష్టాలు తీరినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాల్సింది ఇదే. ఏళ్ల తరబడి సాగిన కరువు తర్వాత 2019 జనవరి చివర్లో ఇక్కడ వాన పట్టుకుంది. ముందు అందరూ సంబరపడ్డారు. వాన ఆగలేదు. చాలాచోట్ల ఏడాదిలో పడాల్సింది కొద్ది రోజుల్లో కురిసింది, దానికి చలిగాలి తోడైంది. దాదాపు 5 లక్షల పశువులు చనిపోయాయని అంచనా. అన్నీ వరదలో కొట్టుకుపోయాయని బయటివాళ్లు అనుకుంటారు. చాలావాటిని చంపింది చలి.

కరువులో పశువు ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది. చర్మం కింద ఆ పొర లేకపోతే ఒంటి వేడి నిలవదు. పైగా ఇక్కడి మందల్లో బ్రాహ్మన్ రక్తం ఎక్కువ. మన ఒంగోలు, గుజరాత్ వైపు కాంక్రేజ్, గిర్ వంటి జాతుల నుంచి అమెరికాలో తయారైన ఈ పశువులు 1933లో క్వీన్స్‌లాండ్‌కు వచ్చాయి. నున్నటి పొట్టి వెంట్రుకలు, వదులు చర్మం, ఎండకూ పిడుదులకూ తట్టుకునే ఒళ్లు. ఎండలో కాపాడే ఆ పల్చటి వెంట్రుకలు రోజుల తరబడి తడిసి గాలి కొడితే ఏమీ అడ్డుకోలేవు. వణుకుతోనే మిగిలిన శక్తి ఖర్చయిపోతుంది. వణుకు ఆగిందంటే తేరుకుందని కాదు, వేడి పుట్టించే ఓపిక అయిపోయిందని. గాలికి వీపు తిప్పి నడుస్తూ కంచె దగ్గర ఆగిపోతాయి. బురదలో కాళ్లు దిగబడి కూలబడినవి ఇక లేవవు.

అందుకే కరువు తర్వాత పెద్ద వాన సూచన వస్తే నేను రైతులకు చెప్పేది ఒకటే: బక్కచిక్కిన వాటిని ముందే మెరక మీదికి, గాలి చాటుకు తోలి, మేత కూడా అక్కడే పెట్టండి. వాన మొదలయ్యాక నల్లరేగడిలో ఏ బండీ కదలదు.

అపోహ: మనిషికి జబ్బు చేస్తే అక్కడ దిక్కే లేదు.

వాస్తవం: విమానంలో డాక్టర్ వస్తాడు. ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు మొదలైందే ఇక్కడ. 1928 మే 17న మొదటి విమానం క్లాన్‌కరీలో లేచి దిగింది మా జూలియా క్రీక్‌లోనే.

అపోహ: బీడు భూమిలో చెట్లు పెరిగితే మంచిదే కదా.

వాస్తవం: ఇక్కడి పొదల ఫొటో పంపితే మా చిన్నాన్న, "ఇది తుమ్మ చెట్టే కదమ్మా, అక్కడికెలా వచ్చింది?" అన్నారు. మన నల్లతుమ్మే. 1890లలో నీడకూ మేతకూ పనికొస్తుందని తెచ్చి నాటారు. మన దగ్గర మేకలు, పురుగులు, గొడ్డలి దాన్ని అదుపులో ఉంచుతాయి. ఇక్కడ అడ్డేమీ లేక క్వీన్స్‌లాండ్‌లో 60 లక్షల హెక్టార్లకు పైగా పాకింది. పొద చిక్కబడితే కింద గడ్డి మొలవదు, ముళ్ల మధ్య మంద తోలడం, నీటి దగ్గరికి చేరడం కూడా కష్టమే. దాన్ని తినే పురుగుల కోసం శాస్త్రవేత్తలు మన దేశంలో కూడా వెతికారు.

విత్తనాలు మోసేది పశువులే. కాయలు తింటాయి, గింజలు చెక్కుచెదరకుండా పేడలో పడతాయి. కాబట్టి తుమ్మ ఉన్న పొలంలో మేసిన మందను శుభ్రమైన చోటికి వదిలేముందు వారం రోజులు ఒక దొడ్లో ఆపండి. ఆ తర్వాత ఆ దొడ్డి చుట్టూ మొలిచిన మొక్కలను కాయ పట్టకముందే పీకేయండి.