పైకి లేవని గీత

చిట్టెలుక కన్ను ఆవగింజకంటే పెద్దది, మిరియపు గింజకంటే కాస్త చిన్నది. అడ్డంగా కొలిస్తే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ కంటిని పరీక్షించాలంటే ముందు రోజు రాత్రంతా ఎలుకను చిమ్మచీకట్లో ఉంచుతారు. తెల్లారాక మత్తిచ్చి, పాప విప్పారడానికి మందు చుక్క వేసి, సన్నటి తీగను వలయంగా చుట్టి కంటిపొర మీద ఆనిస్తారు. పొర ఆరిపోకుండా బంకలాంటి ద్రవం ఒక చుక్క. ఈ పనంతా మసక ఎర్రదీపం కిందే జరగాలి. చీకట్లో చూసే కణాలకు ముదురు ఎరుపు దాదాపు ఆనదు, అందుకని రాత్రంతా చీకటికి అలవాటు పడ్డ కన్ను ఆ దీపానికి చెదరదు. అన్నీ కుదిరాక ఒక్క మెరుపు మెరిపిస్తారు.

తెరమీద గీత గబుక్కున కిందికి దిగుతుంది. ఆ వెంటనే పైకి ఎగసి, కొండలా లేచి, మెల్లగా వాలుతుంది. దీన్నే ఎలెక్ట్రోరెటినోగ్రామ్ అంటారు, కంటి డాక్టర్ల నోట్లో ఈఆర్‌జీ. కిందికి దిగింది ఎ-తరంగం, అది వెలుగును పట్టుకునే కణాల పని. పైకి లేచింది బి-తరంగం. అది ఆ కణాల దగ్గర కబురందుకున్న రెండో వరుస కణాల జవాబు.

1998లో మేషెల్ పార్డ్యూ, నీల్ పీచీ, వారి సహచరులు అమెరికాలో ఒక వింత ఎలుకల సంతతి గురించి ప్రచురించారు. వీటిని ఎవరూ పనిగట్టుకుని తయారు చేయలేదు. ప్రయోగశాల గుంపులో వాటంతట అవే పుట్టాయి. మెరుపు పడగానే వాటి గీత మామూలుగానే దిగింది. దిగిన గీత పైకి మాత్రం లేవలేదు. 'బి-తరంగం లేదు' అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలతో వాటికి నాబ్ ఎలుకలని పేరు పెట్టారు.

నన్ను కట్టిపడేసిన సంగతి దీని తర్వాతిది. ఆ ఎలుకల రెటీనాను, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొరను, పలచటి ముక్కలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే లోపమేదీ కనబడలేదు. పొరలన్నీ వరుసగా ఉన్నాయి, కణాలన్నీ ఉన్నాయి. ఏదీ చావలేదు, ఏదీ రాలిపోలేదు. అయినా రాత్రిచూపు లేదు.

మన ఇళ్ళలో రేచీకటి అనగానే మునగాకు, క్యారెట్, మేక కార్జం గుర్తొస్తాయి. తప్పేమీ లేదు. చీకట్లో చూసే కణాలను దండకణాలంటారు. వాటిలో వెలుగును పట్టే రొడాప్సిన్ తయారవ్వాలంటే విటమిన్ ఎ కావాలి. అది చాలని పిల్లలకు మొదట పోయేది రాత్రిచూపే, ఆ తర్వాత కన్నే పోవచ్చు. దేశంలో చిన్నపిల్లలకు విటమిన్ ఎ మోతాదులు వేసే పథకం 1970లో మొదలైంది కూడా ఇందుకే. అయితే పుట్టుకతోనే, తరతరాలుగా ఒకే ఇంట్లో వచ్చే రేచీకటి ఉంది. దానికి మునగాకు పనిచేయదు. పిల్లాడికి తిండి సరిగా పెట్టడం లేదని తల్లిని నిందించడం తప్ప ఆ సలహా వల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఇంకో భయం దీనికంటే పెద్దది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బులో కూడా మొదటి లక్షణం రేచీకటే. అందులో దండకణాలు ఒక్కొక్కటిగా చనిపోతూ, చూపు చుట్టూ నుంచి మూసుకొస్తూ, చివరికి గొట్టంలోంచి చూసినట్టు మిగులుతుంది. నాబ్ ఎలుకలకున్నది అది కాదు. వాటిది పుట్టిననాడు ఎంత ఉందో పెద్దయ్యాకా అంతే ఉండే రేచీకటి. డాక్టర్లు దీన్ని పుట్టుకతో వచ్చే స్థిర రేచీకటి అంటారు. ఆ 'స్థిర' అన్న ఒక్క మాట ఒక కుటుంబానికి ఎంత ఊరటో! 'మీ అబ్బాయి చూపు పూర్తిగా పోతుంది' అనే మాటకీ, 'రాత్రిళ్ళు తోడుండండి, కళ్ళజోడు మానకుండా వాడండి, ఇది ముదరదు' అనే మాటకీ మధ్య ఉన్నది ఆ గీత పైకి లేవకపోయినా కింద దిగుతోందా లేదా అన్న తేడా. పిగ్మెంటోసాలో వెలుగును పట్టే కణాలే పోతాయి కాబట్టి ఎ-తరంగం కూడా సన్నగిల్లుతుంది.

కణాలన్నీ బతికుండి కూడా చూపెందుకు పోతుంది? ఇక్కడ కంటి నడవడి కాస్త విడ్డూరంగా ఉంటుంది. వెనకటి ఊళ్ళలో రాత్రి గస్తీవాడు 'పారాహుషార్' అని కేకేస్తూ తిరిగేవాడు. కేక వినిపిస్తున్నంతసేపూ ఊరు నిశ్చింతగా పడుకునేది. కేక ఆగితేనే ఏదో జరిగిందని లెక్క. దండకణం సరిగ్గా ఆ గస్తీవాడే. చీకట్లో అది ఊరుకోదు, గ్లూటమేట్ అనే రసాయనాన్ని పక్క కణం మీదకి ఎడతెగకుండా వదులుతూనే ఉంటుంది. వెలుగు పడితే వదలడం తగ్గిస్తుంది. అంటే కంటిలో వెలుగు కబురు పుట్టేది ఒక మౌనంగా.

ఆ మౌనాన్ని వినడం ముందు చెప్పిన రెండో వరుస కణాల వంతు, వాటినే బైపోలార్ కణాలంటారు. వాటి కొసల్లో ఎంగ్లూఆర్6 అనే గ్రాహకం ఉంటుంది. గ్లూటమేట్ దాన్ని తాకుతున్నంతసేపూ అది లోపలి ప్రొటీన్లను పురమాయించి ట్రిప్‌ఎం1 అనే చిన్న ద్వారాన్ని మూయించి ఉంచుతుంది. గ్లూటమేట్ తగ్గగానే ద్వారం తెరుచుకుంటుంది, ధనావేశపు అయాన్లు లోపలికి వస్తాయి, కణం మేలుకుంటుంది. వేలాది కణాలు ఒకేసారి మేలుకుంటే తెరమీద గీత పైకి లేస్తుంది.

ఈ అప్పగింత ఎంత నాజూకైనదో చెప్పడానికి 1942 నాటి లెక్క ఒకటి చాలు. సీలిగ్ హెక్ట్, సైమన్ ష్లేర్, మారిస్ పిరెన్ చీకటికి అలవాటు పడ్డ మనుషుల మీద పరీక్షలు చేసి, 5 నుంచి 14 ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, రెటీనాలో ఇంకితే చాలు, మనిషి వెలుగును చూడగలడని తేల్చారు. అవి పడేది దాదాపు 500 దండకణాలున్న మేర మీద. అంటే చాలా కణాలకు ఏదీ దక్కదు, దక్కిన కణానికి దక్కేది దాదాపుగా ఒక్క ఫోటానే. ఆ ఒక్కదానికి కూడా గ్లూటమేట్ కొంచెం తగ్గాలి, ఆ కొంచెం తగ్గుదలను అవతలి కణం పసిగట్టాలి. రాత్రిపూట వేపచెట్టు నీడ కనబడడం వెనక ఇంత పని ఉంది.

అవతలి కణానికి చెవుడొస్తే ఏమవుతుందో జపాన్‌లోని క్యోటోలో చూశారు. 1995లో షిగెటాడా నకనిషి బృందం ఎంగ్లూఆర్6 జన్యువును తీసేసిన ఎలుకలను తయారు చేసింది. వాటికీ బి-తరంగం లేదు. అయినా అవి గుడ్డివి కాలేదు. వెలుగు ఆరినప్పుడు స్పందించే దారి ఇంకోటి కంటిలో ఉంది, దానికి ఈ గ్రాహకంతో పనిలేదు. పగటిచూపు కణాలకు ఆ రెండు దారులూ నేరుగా అందుబాటులో ఉంటాయి. దండకణాల కబురు ముఖ్యంగా ఒకే దారిన వెళుతుంది. ఆ గుమ్మం మూసుకుపోతే రాత్రికి వేరే దిక్కు దాదాపు లేనట్టే. మనుషుల్లో ఇదే జన్యువు చెడితే రేచీకటి వస్తుందని 2005లో తెలిసింది. ఎలుకకీ మనిషికీ మధ్య పదేళ్ళు.

నాబ్ ఎలుకల కథ తిరగేసి నడిచింది. 2000లో రెండు బృందాలు విడివిడిగా కొన్ని కుటుంబాల్లో ఎక్స్ క్రోమోజోమ్ మీద చెడిన జన్యువును పట్టుకున్నాయి. అది తయారు చేసే ప్రొటీన్‌కు నిక్టలోపిన్ అని పేరు. 2003లో నాబ్ ఎలుకల్లో చూస్తే అదే జన్యువు, అందులో 85 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి. తర్వాత తెలిసింది, నిక్టలోపిన్ చేసే పని ట్రిప్‌ఎం1 ద్వారాన్ని సరైన చోట బిగించడం. తలుపు తయారైనా గుమ్మంలో నిలబెట్టే మేస్త్రీ లేడన్నమాట. ఎంగ్లూఆర్6 లేకపోయినా, ట్రిప్‌ఎం1 లేకపోయినా, నిక్టలోపిన్ లేకపోయినా, వీటి జతగాళ్ళు జీపీఆర్179, ఎల్ఆర్ఐటీ3లలో ఏది లేకపోయినా గీత ఒకేలా పడుకుంటుంది. అయిదు వేర్వేరు జన్యువులు, రోగికి మాత్రం ఒకటే చీకటి.

ట్రిప్‌ఎం1 సంగతి ఎలుకల కంటే ముందు గుర్రాలు సూచించాయి. ఒంటి మీద చుక్కల మచ్చలుండే అపలూసా గుర్రాల్లో, ఆ మచ్చల జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చినవాటికి రేచీకటి ఉంటుంది. ఒంటి రంగునూ రాత్రిచూపునూ ఒకే జన్యువు పట్టుకుని ఉంది.

ఎక్స్ క్రోమోజోమ్ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇలాంటి జబ్బు తల్లి ద్వారా కొడుకుకు వస్తుంది, తల్లికి మాత్రం సాధారణంగా కనబడదు. అందుకే మేనమామకు ఉన్నది మేనల్లుడిలో తేలుతుంది. మనవాళ్ళు 'మేనమామ పోలిక' అని ముద్దుగా అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం. అక్కకూతురిని చేసుకునే ఆచారమున్న ఇళ్ళలో ఇంకో మెలిక పడుతుంది. రేచీకటి ఉన్న మేనమామకు, ఆ జన్యువును మోస్తున్న మేనకోడలికి పెళ్ళయితే, మామూలుగా మగపిల్లలకే వచ్చే ఈ జబ్బు ఆడపిల్లలకూ రావచ్చు. మిగతా నాలుగు జన్యువులూ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ చెడినవి కలిస్తేనే బయటపడతాయి, కాబట్టి మేనరికాల్లో వాటికీ అవకాశం పెరుగుతుంది. పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరుకు వంశవృక్షం దాచకుండా చెప్పడం ఇందుకే అవసరం.

అన్నట్టు, ఈ పిల్లలను ఆసుపత్రికి తెచ్చేది చాలాసార్లు రేచీకటి కాదు. వీధి దీపాల కింద పెరిగేవాడికి రాత్రిచూపు లేదని ఇంట్లో ఎలా తెలుస్తుంది? బోర్డు కనబడడం లేదనో, కళ్ళు అదురుతున్నాయనో, మెల్ల ఉందనో తీసుకొస్తారు. దూరపుచూపు బాగా తగ్గడం ఈ జబ్బుతో గట్టిగా ముడిపడి ఉంది. నాబ్ ఎలుకల ఒక కంటికి మసక అద్దం పెట్టి చూస్తే, మామూలు ఎలుకల కంటే వాటికి హ్రస్వదృష్టి త్వరగా వచ్చింది. వాటి రెటీనాలో డోపమైన్ అనే కబురు మోసే రసాయనం కూడా తక్కువగా ఉంది. కంటిగుడ్డు ఎంత పొడవు పెరగాలో చెప్పే కబురు కూడా ఈ దారినే కొంత వెళుతుందన్నమాట. రాత్రి కోసం వెతికిన ఎలుకల్లో పగటి కళ్ళజోడుకు సంబంధించిన ఆధారం దొరికింది.

ఎలుక కన్ను మన కన్ను కాదు, అది గుర్తుంచుకోవాలి. దాని కాంతికణాల్లో నూటికి 97 దండకణాలే. అక్షరాలు చదవడానికి మనకుండే మాక్యులా దానికి లేదు. రాత్రిచూపు దారి మాత్రం రెండింటిలోనూ ఒకే తీరున కట్టి ఉంది.

కణాలు చావని జబ్బు కాబట్టి, లేని ప్రొటీన్‌ను ఇస్తే చూపు వస్తుందా అన్న ప్రశ్న సహజం. నాబ్ ఎలుకలకు నిరపాయకరమైన వైరస్‌లో నిక్టలోపిన్ జన్యువును పెట్టి కంట్లోకి ఎక్కించారు. పుట్టిన రెండో రోజున ఎక్కిస్తే గీత కొంత పైకి లేచింది. ముప్ఫయ్యో రోజున ఎక్కిస్తే ప్రొటీన్ తయారైంది గానీ గీత లేవలేదు. కణాలు బతికే ఉన్నా, రెండు కణాలు కలిసే కూడలి కట్టే గడువు దాటిపోయినట్టుంది. 2015లో వచ్చిన ఈ ఫలితం చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ఎందుకంటే మనిషిలో ఆ రెండో రోజుకు సమానమైన ఘడియ తల్లి కడుపులోనే దాటిపోతుంది.

ఆ తర్వాత ఎల్ఆర్ఐటీ3 లేని ఎలుకలు వచ్చాయి. ఈ ప్రొటీన్ ఉండేది ఇవతలి దండకణంలో, అది ఆ కూడలి దాటి అవతలి కణం కొసన నిక్టలోపిన్‌నూ ట్రిప్‌ఎం1నూ నిలబెడుతుంది. ఎదిగిన ఎలుకల దండకణాల్లోకి ఆ జన్యువును పంపారు. అవతలి కణాన్ని ముట్టుకోనేలేదు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాత్రంతా చీకట్లో ఉంచి, ఎర్రదీపం కింద తీగ ఆనించి, మెరుపు మెరిపించారు. గీత ఎప్పటిలాగే కిందికి దిగింది. ఈసారి పైకి కూడా లేచింది, మామూలు ఎలుకంత ఎత్తుకు కాదు గానీ, లేచింది.